గొంతు వెంట వచ్చింది, పాటలు రాలేదు: నైట్‌విష్ తర్వాత టార్యా టురునెన్

బ్యాండ్ నుంచి గాయని బయటికి వస్తే ఆ బ్యాండ్ సౌండ్‌లో ఆమె వాటా ఎంత? పాటలు రాసింది ఒకరు, ట్యూన్ కట్టింది కూడా ఆయనే. బ్యాండ్ పేరు మిగిలినవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆమె వెంట వచ్చింది గొంతు ఒక్కటే. ఆ గొంతుతో ఆమె కొత్త ఆల్బమ్ చేస్తే దాన్ని దేనితో పోల్చి వినాలి?

నైట్‌విష్ అనే మెటల్ బ్యాండ్ (మెటల్ అంటే బరువైన, హోరెత్తించే రాక్) 2005లో తీసేసిన ఫిన్లండ్ గాయని టార్యా టురునెన్ 2007 నవంబరులో విడుదల చేసిన ‘మై వింటర్ స్టార్మ్’ ఆల్బమ్ చుట్టూ ఇన్నేళ్లుగా నడుస్తున్న వాదనలన్నీ ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. ‘నైట్‌విష్‌తో పోలిస్తే మెత్తగా ఉంది’ అనేవాళ్లు, ‘బ్యాండ్ కన్నా ఆమే గొప్ప అని రుజువైంది’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరూ ఈ రికార్డును విడాకుల కేసులో సాక్ష్యంలా వింటున్నారని నాకు అనిపిస్తుంది. నేను వినేది వేరే కథ. పదేళ్ల పాటు వేరొకరి పాటలకు గొంతునిచ్చిన మనిషి, ముప్పై ఏళ్ల వయసులో, తన పాట ఏదో వెతుక్కున్న కథ అది. అందులోని గొప్పతనమూ లోపాలూ రెండూ ఆ వెతుకులాట నుంచే వచ్చాయి.

గొంతు వల్లే మెటల్ అయిన బ్యాండ్

నైట్‌విష్ వాయించేది సింఫానిక్ మెటల్. అంటే డిస్టార్షన్ పెట్టిన (శబ్దాన్ని కావాలని గరుకు చేసిన) గిటార్లు, వేగంగా కొట్టే డబుల్ బాస్ డ్రమ్స్, వాటి మీద ఆర్కెస్ట్రా లేదా ఆర్కెస్ట్రాలా వినిపించే కీబోర్డులు, కోరస్, చాలాసార్లు శాస్త్రీయంగా శిక్షణ పొందిన ఆడగొంతు. స్వీడన్‌లో థెరియన్ లాంటి బ్యాండ్లు అప్పటికే ఆ దారిలో నడుస్తున్నాయి. కానీ లోకమంతా ఈ సంగీతం అనగానే గుర్తుపట్టే అచ్చు తయారైంది మాత్రం తూర్పు ఫిన్లండ్‌లో, రష్యా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కితే అనే చిన్న ఊళ్లో.

1996లో తూమాస్ హోలోపైనెన్ అనే కీబోర్డు కళాకారుడికి ఒక ఆలోచన వచ్చింది. చలిమంట చుట్టూ కూర్చుని పాడుకునేలాంటి నెమ్మదైన అకూస్టిక్ సంగీతం చేయాలని. గిటార్‌కు ఎంప్పు వూరినెన్‌ని, పాడటానికి టార్యాని పిలిచాడు. మొదటి డెమో అలాగే రికార్డు చేశారు. తీరా వింటే టార్యా గొంతు ఆ మెత్తటి వాయిద్యాల మధ్య ఇమడలేదు. శాస్త్రీయ శిక్షణతో అది అప్పటికే పెద్దదైపోయింది, నాటకీయంగా మారిపోయింది. ఆ గొంతుకు సరితూగే సంగీతం కావాలి. అలా ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది, డ్రమ్స్ మీదికి యుక్కా నెవలైనెన్ వచ్చాడు, 1997లో నైట్‌విష్ తొలి ఆల్బమ్ వచ్చింది.

ఈ చిన్న సంగతిని చాలామంది దాటేసి పోతారు. నా మటుకు మొత్తం చిక్కుముడికి మొదటి కొస ఇదే. నైట్‌విష్ పాటలు దాదాపు అన్నీ తూమాస్ రాసినవే, సాహిత్యమూ సంగీతమూ కూడా. అందులో అనుమానం లేదు. కానీ ఆయన ఏ రకం పాటలు రాయాలో తేల్చింది ఆమె గొంతు. ఆమె పాడకపోయి ఉంటే ఆ బ్యాండ్ బహుశా మెటల్ బ్యాండే అయ్యేది కాదు. రాతపూర్వకంగా ఎక్కడా నమోదు కాని వాటా ఇది. రాయల్టీ లెక్కల్లోకి రాదు, పాట కింద పేరు పడదు.

ఆ తర్వాత ఎదుగుదల వేగంగా జరిగింది. 1998లో ‘ఓషన్‌బార్న్’, 2000లో ‘విష్‌మాస్టర్’, 2002లో ‘సెంచురీ చైల్డ్’. అప్పుడే మార్కో హియెతాలా బాస్ వాయించడానికీ, టార్యా పక్కన మగగొంతుగా పాడటానికీ వచ్చి చేరాడు. 2004లో లండన్ ఆర్కెస్ట్రాతో చేసిన ‘వన్స్’ ఫిన్లండ్‌లోనూ జర్మనీలోనూ మొదటి స్థానానికి వెళ్లింది. ఈలోగా టార్యా చదువు కూడా ఆగలేదు. కువోపియోలోని సిబెలియస్ అకాడమీ శాఖలో మొదలుపెట్టి, తర్వాత జర్మనీలోని కార్ల్స్‌రూయె సంగీత కళాశాలకు వెళ్లింది. ఒకవైపు మెటల్ టూర్లు, ఇంకోవైపు పియానో పక్కన నిలబడి పాడే క్లాసికల్ కచేరీలు. రెండింటికీ కావాల్సిన నిద్ర, విశ్రాంతి, గొంతు జాగ్రత్త వేరు వేరు. బస్సులో నెలల తరబడి తిరిగే జీవితం గిటారిస్టు వేళ్లను పాడుచేయకపోవచ్చు. సోప్రానో (ఆడగొంతుల్లో అతి ఎత్తైన రకం) గొంతు మీద మాత్రం ఆ బరువు తప్పకుండా పడుతుంది.

2005 అక్టోబరు 21

ఆ రాత్రి హెల్సింకిలోని హార్ట్‌వాల్ అరీనాలో ప్రపంచ యాత్ర చివరి కచేరీ. కెమెరాలన్నీ నడుస్తున్నాయి, డీవీడీ కోసం చిత్రీకరణ. కచేరీ అయ్యాక మిగిలిన నలుగురూ కలిసి సంతకం చేసిన ఉత్తరం టార్యా చేతికి ఇచ్చారు. ఇక ఆమెతో కలిసి సాగలేమని అందులో ఉంది. ఆ ఉత్తరాన్నే వెంటనే బ్యాండ్ వెబ్‌సైట్‌లో పెట్టేశారు.

అందులోని ఆరోపణలు టూకీగా: ఆమెకు బ్యాండ్ కన్నా డబ్బు ముఖ్యమైపోయిందని, పారితోషికం తక్కువని అమెరికా, ఆస్ట్రేలియా యాత్రలు వద్దన్నదని, ఆమె భర్త, అర్జెంటీనా వ్యాపారి మార్సెలో కబూలి ప్రభావంతో మనిషి మారిపోయిందని. టార్యా కొన్ని రోజుల్లోనే బహిరంగంగా జవాబిచ్చింది. తనకు ఇది పెద్ద దెబ్బ అని, భర్తను ఇందులోకి లాగడం అన్యాయమని, ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయాన్ని లోకం ముందు పెట్టడం తనకు అర్థం కాలేదని చెప్పింది.

ఎవరిది తప్పో తేల్చడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. నలుగురి మాట నలుగురికి ఉంది, ఆమె మాట ఆమెకు ఉంది, ఆ గదుల్లో మనం ఎవరమూ లేము. కానీ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పదేళ్లు కలిసి పనిచేసిన మనిషికి స్టేజీ దిగిన గంటల్లో ఉత్తరం ఇచ్చి, దాన్ని అభిమానులందరికీ చదవడానికి పెట్టడం క్రూరమైన పద్ధతి. కారణాలు ఎంత న్యాయమైనవి అయినా పద్ధతి అంతే. ఆ తర్వాత ఆమె ఏం పాడినా దాన్ని ఆ ఉత్తరానికి జవాబుగానే వినడం జనానికి అలవాటైంది. ఆల్బమ్‌కు జరిగిన అసలు నష్టం అక్కడే మొదలైంది.

ఏది ఎవరికి మిగిలింది

ఇలాంటి విడిపోవడాల్లో మూడు వేరు వేరు విషయాలు కలగాపులగం అవుతాయి. బ్యాండ్ పేరు, పాటల మీద హక్కు, గొంతు.

పేరు బ్యాండ్‌తో ఉండిపోయింది. పాటల మీద రచయిత హక్కు తూమాస్‌ది. మరి ఆ పాటలను టార్యా తన కచేరీల్లో పాడొచ్చా? పాడొచ్చు, ఇప్పటికీ పాడుతోంది. యూరప్‌లో సాధారణంగా కచేరీ నిర్వాహకులు అక్కడి స్వరకర్తల సంఘం దగ్గర లైసెన్స్ తీసుకుంటారు. ఫిన్లండ్‌లో ఆ పని చేసే సంస్థ పేరు తెయోస్తో. ఏ పాటలు పాడారో జాబితా వెళ్తుంది, రాసినవాళ్లకు డబ్బు చేరుతుంది. అంటే టార్యా ఎక్కడైనా నైట్‌విష్ పాట పాడితే తూమాస్‌కు రాయల్టీ అందుతుంది. ఇద్దరూ మాట్లాడుకోకపోయినా ఈ లెక్క తన దారిన తాను నడిచిపోతుంది.

మనకు ఈ గొడవ కొత్తేమీ కాదు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారని ఇళయరాజా లాయర్ నోటీసు పంపారు. బాలు గారు ఆ యాత్రలో ఇక ఇళయరాజా పాటలు పాడనని ప్రకటించారు. అప్పుడు తెలుగు, తమిళ ఇళ్లన్నిట్లో జరిగిన చర్చ ఇదే. పాట ట్యూన్ కట్టినవాళ్లదా, పాడి మన చెవుల్లో నిలిపినవాళ్లదా? చట్టం దృష్టిలో ఆ రెండూ వేర్వేరు హక్కులు. 2012లో మన కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణతో గాయకులకు కూడా రాయల్టీలో హక్కు ఏర్పడింది కానీ, స్వరకర్త హక్కు స్వరకర్తదే. మనసు మాత్రం ఇంకోలా లెక్క వేస్తుంది. కళ్లు మూసుకుని వింటే మనకు కనిపించేది గాయకుడే.

తేడా ఒకటుంది. మన సినిమా పాటల్లో ఒక గాయకుడు పదిమంది సంగీత దర్శకులకు పాడతాడు. ఒకరితో చెడినా తొమ్మిదిమంది ఉంటారు. బ్యాండ్ గాయనికి ఆ వెసులుబాటు లేదు. ఒకే రచయిత తొమ్మిదేళ్ల పాటు ఆమె గొంతు కొలతలకు పాటలు కుట్టాడు. బయటికి వచ్చిన రోజు ఆమెకు రచయితే లేడు.

గొంతు లోపలి లెక్క

ఆల్బమ్‌లోకి వెళ్లే ముందు గొంతు పనితీరు కాస్త తెలుసుకోవాలి. ఎందుకంటే ‘ఆమె ముందులా ఒపేరాలా పాడటం లేదు’ అన్న ఫిర్యాదుకు జవాబు అందులోనే ఉంది.

డిస్టార్షన్ పెట్టిన గిటార్ ఒక స్వరం వాయిస్తే, దానితో పాటే పుట్టే పై స్వరాలన్నీ ఉబ్బిపోయి మధ్య స్థాయి నుంచి పైదాకా గోడలా నిలబడతాయి. మామూలు ఆర్కెస్ట్రాకు ఆ గుణం లేదు. ఆర్కెస్ట్రా శబ్దం పై పౌనఃపున్యాల్లో పలచబడుతుంది, ఒపేరా గాయకులు మైకు లేకుండా సరిగ్గా ఆ ఖాళీలోంచి తమ గొంతును హాలు చివరిదాకా పంపిస్తారు. గిటార్ ఆ ఖాళీని కూడా మూసేస్తుంది. అందుకే మెటల్‌లో ఎంత శిక్షణ ఉన్న గొంతైనా మైకు మీద, మిక్సింగ్ చేసే ఇంజనీరు మీద ఆధారపడక తప్పదు.

ఇంకో మార్గం, గిటార్ల పైకి ఎగిరిపోవడం. ‘ఓషన్‌బార్న్’లో టార్యా చేసింది అదే. చాలా ఎత్తైన స్వరాలు, మొజార్ట్ ఒపేరాల్లో విన్నట్టు తునకలు తునకలుగా పలికే స్వరగుచ్ఛాలు. విన్నవాళ్లు అదిరిపోయారు. అయితే దానికొక ధర ఉంది. అచ్చులను మన చెవి గుర్తుపట్టేది నోటిలో ఏర్పడే ప్రతిధ్వనుల వల్ల. ‘ఈ’, ‘ఊ’ లాంటి అచ్చులకు ఆ మొదటి ప్రతిధ్వని దాదాపు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సోప్రానో 880 హెర్ట్జ్ స్వరం పట్టుకున్నప్పుడు పాడే శ్రుతే ఆ ప్రతిధ్వని కన్నా చాలా పైన ఉంటుంది. అప్పుడు గాయని నోరు పెద్దగా తెరిచి ప్రతిధ్వనిని శ్రుతి దగ్గరికి తీసుకురావాలి. ఫలితంగా ‘ఈ’ అయినా ‘ఊ’ అయినా ‘ఆ’ వైపు జారిపోతుంది. గొంతు మెరుస్తుంది, మాట చెదిరిపోతుంది.

కాబట్టి పాటలో మాట వినపడాలంటే కిందికి రావాలి. ఈ దిగడం నైట్‌విష్‌లోనే మొదలైంది. ‘సెంచురీ చైల్డ్’, ‘వన్స్’ వింటే పాత ఎత్తులు తక్కువ, ఛాతీ నుంచి వచ్చే గొంతు ఎక్కువ. సోలోకి వచ్చాక ఆమె ఇంకా కిందికి దిగింది. శిక్షణ మరిచిపోయి కాదు, తన కథ తాను చెప్పుకుంటున్నప్పుడు మాట వినపడాలి కాబట్టి. అభిమానులు నష్టం అనుకున్నదాన్ని నేను ధైర్యం అంటాను. జనం చప్పట్లు కొట్టేది దేనికో బాగా తెలిసి కూడా దాన్ని పొదుపుగా వాడటం తేలిక కాదు.

ఆల్బమ్ దగ్గరికి

బయటికి వచ్చిన వెంటనే ఆమె మెటల్ జోలికి పోలేదు. 2006లో ఫిన్నిష్ క్రిస్మస్ పాటల ఆల్బమ్ చేసింది. అది విని కొందరు ఆమె మెటల్ వదిలేసిందనుకున్నారు. నిజానికి రాక్ ఆల్బమ్‌కు పాటలు సేకరించడానికి టైమ్ పట్టింది. రికార్డు కంపెనీ యూనివర్సల్ పెద్దది, డబ్బు ఉంది, పేరు ఉంది. లేనిది సొంత పాటల మూట. అందుకే చాలామంది రచయితలు వచ్చారు. డేనియల్ ప్రెస్లీ ప్రొడ్యూసర్‌గా చేరాడు. వాయిద్యాల బృందం కూడా ఒక చోటిది కాదు. బాస్ మీద అమెరికన్ బ్యాండ్ లివింగ్ కలర్‌కు చెందిన డగ్ వింబిష్, గిటార్ మీద జర్మనీ నుంచి అలెక్స్ షోల్ప్, బ్రెజిల్ నుంచి కికో లౌరేరో, డ్రమ్స్ మీద ఎర్ల్ హార్విన్, సెల్లో మీద మార్టిన్ టిల్‌మన్. ఐర్లండ్ పల్లెలో ఉన్న గ్రౌస్ లాడ్జ్ స్టూడియోలో వీళ్ల పని కొంత జరిగింది.

ఆర్కెస్ట్రా ఎవరికి అప్పగించారన్నది ఈ ఆల్బమ్ రంగును నిర్ణయించింది. హాలీవుడ్‌లో హాన్స్ జిమ్మర్ బృందంతో పనిచేసిన జేమ్స్ డూలీకి. నైట్‌విష్ ఆర్కెస్ట్రాకు పిప్ విలియమ్స్ రాసే పద్ధతి వేరు. అక్కడ వయొలిన్లు, బ్రాస్ గిటార్‌తో పోటీ పడి పరుగెత్తుతాయి. ఇక్కడ తీగ వాయిద్యాలు కింది స్వరాల్లో మబ్బులా కమ్ముకుంటాయి, ఒకే చిన్న స్వరాల వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంది, కోరస్ దూరం నుంచి వస్తుంది. సినిమా నేపథ్య సంగీతం కట్టుబడి ఇది. గిటార్లు వెనక్కి జరిగాయి. మెటల్ అభిమానికి ‘బరువు లేదు’ అనిపించడానికి కారణం ఇదే. బరువు ఉంది, కాకపోతే గిటార్ నుంచి ఆర్కెస్ట్రా అడుగు స్వరాలకు మారింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, తెలుస్తుంది.

టార్యా ఈ ఆల్బమ్ కోసం నాలుగు పాత్రలు తయారు చేసుకుంది. మంచురాణి, ఫీనిక్స్, బొమ్మ, చనిపోయిన అబ్బాయి. ఫోటోల్లోనూ మొదటి వీడియోలోనూ ఆ వేషాల్లోనే కనిపిస్తుంది. ఇది అలంకారం కోసం పెట్టుకున్నది కాదని నా నమ్మకం. నైట్‌విష్‌లో ఆమె తూమాస్ ఊహల్లోని పాత్రలకు గొంతునిచ్చింది. సోలోలో నేరుగా ‘నేను’ అని పాడితే ప్రతి వాక్యాన్నీ ఆ ఉత్తరంతో ముడిపెడతారు. పాత్రల చాటున నిలబడితే కాస్త ఊపిరి తీసుకోవచ్చు.

అయినా ముడిపెట్టారు. 2007 సెప్టెంబరులో నైట్‌విష్ తమ కొత్త గాయని, స్వీడన్‌కు చెందిన ఆనెట్ ఓల్జన్‌తో ‘డార్క్ ప్యాషన్ ప్లే’ విడుదల చేసింది. అందులో ‘బై బై బ్యూటిఫుల్’ పాట టార్యా గురించే అని తూమాస్ దాచలేదు. ఆ వెనువెంటనే టార్యా మొదటి సింగిల్ వచ్చింది, పేరు ‘ఐ వాక్ అలోన్’. ఒంటరిగా నడుస్తాను అంటోంది, ఇదే జవాబు అని అందరూ తేల్చేశారు. మరి ఆ పాట రాసింది? మథియాస్ లిండ్‌బ్లోమ్, ఆండర్స్ వోల్‌బెక్ లాంటి స్వీడిష్ పాప్ రచయితలు. సింథ్ పాప్ (ఎలక్ట్రానిక్ కీబోర్డులతో చేసే పాప్) బృందం వాక్యూమ్‌లో పనిచేసినవాళ్లు. వాళ్లకూ ఆ హెల్సింకి రాత్రికీ సంబంధం లేదు.

అలాగని ఆ పాటలో టార్యా లేదని అనలేం. ఎంచుకున్నది ఆమె. పాడిన తీరు చూడండి. చరణాల్లో గొంతు కింద, దాదాపు మాట్లాడినంత దగ్గరగా ఉంటుంది. కోపం లేదు, ఫిర్యాదు లేదు. పల్లవి దగ్గర పైకి లేస్తుంది కానీ ఎగిరిపోదు. పొడవైన స్వరాలు పట్టుకుని, వెనక కోరస్ నిండుతుంటే నిదానంగా నిలబడుతుంది. ఇంకాస్త వేగం పెంచి, ఇంకో మూడు స్వరాలు పైకి వెళ్లి ‘చూడండి నా సత్తా’ అనొచ్చు, ఆ గొంతుకు అదేమీ కష్టం కాదు. ఆమె ఆ పని చేయలేదు. వేరొకరు రాసిన పాటను సొంతం చేసుకోవడం అంటే ఇదే. ఈ కళను ఆమెకు నైట్‌విష్‌లోని పదేళ్లు నేర్పాయి, ఆ అనుభవాన్ని ఎవరూ ఉత్తరం రాసి వెనక్కి తీసుకోలేరు.

మరో పాట దగ్గర ఆగాలి. పదో ట్రాకు, ‘ఓయాసిస్’. ఇది టార్యా స్వయంగా రాసింది, మాతృభాష ఫిన్నిష్‌లో. గిటార్ హోరు లేదు. పియానో చుట్టూ కొంత ఖాళీ, ఆ ఖాళీలో నెమ్మదిగా కదిలే గొంతు. అంతర్జాతీయ మార్కెట్ కోసం పెద్ద కంపెనీ చేసిన ఆల్బమ్ మధ్యలో, ఫిన్లండ్ బయట పెద్దగా ఎవరికీ అర్థం కాని భాషలో, సింగిల్‌గా అమ్ముకోలేని పాట. మొదటిసారి వినేవాళ్లు దాటేస్తారు కూడా. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌కు గుండె ఇదే. ఇక్కడ ఆమె ఏ పాత్ర చాటునా లేదు. స్వరం కూడా చాలా సాదాగా ఉంది, ఒక విద్యార్థిని రాసుకున్న మొదటి పాటలా. కానీ ఈ 18 ట్రాకుల్లో ‘ఇది ఇంకెవరూ పాడలేరు’ అనిపించేది నాకు ఇదొక్కటే.

లోపాలు కూడా చెప్పాలి. 18 ట్రాకులు ఎక్కువ. వాటిలో కొన్ని చిన్న వాయిద్య ఖండికలు. వాతావరణం కోసం పెట్టినవి అవి, కానీ ఊపు అందుకునే సమయానికి బ్రేక్ వేస్తాయి. రచయితలు ఎక్కువ కావడంతో ఒక పాట సినిమా సంగీతంలా, ఇంకోటి రేడియో రాక్‌లా, మరోటి జోలపాటలా ఉంటుంది. ఒకే మనిషి మనసు అన్నింటినీ కలపలేదు. కలిపింది గొంతు, అంతే. గొంతు ఎంత గొప్పదైనా ఆ పని పూర్తిగా చేయలేదు. చివర్లో వచ్చే ‘కియరాన్స్ వెల్’ మాత్రం గిటార్ ముందుకు వచ్చి మెటల్ అభిమానిని ఊరడిస్తుంది. ఐర్లండ్‌లోని ఒక పాత పవిత్ర బావి పేరు దానికి పెట్టారు, ఆ స్టూడియో రోజుల గుర్తు. అలాంటివి ఇంకో రెండుంటే ఆల్బమ్ మొత్తం నిలదొక్కుకునేది.

‘పాయిజన్’ గురించి ఒక మాట. 1989లో అలిస్ కూపర్ పాడిన హార్డ్ రాక్ హిట్ అది. ప్రమాదకరమైన ఆడమనిషి ఆకర్షణ గురించి ఒక మగాడు పాడిన పాట. టార్యా దాన్ని తీసుకుని కూపర్‌లా గరుకుగా పాడటానికి ప్రయత్నించలేదు, శుభ్రమైన సోప్రానోతోనే పాడింది. దాంతో విషం ఎటువైపు ఉందో తిరగబడింది. ఎవరి పాటో అందరికీ తెలిసినప్పుడు గాయని ఏం కలిపిందో స్పష్టంగా వినపడుతుంది. ఈ ఆల్బమ్‌లో కవర్ సాంగ్ ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు అది.

ఆ తర్వాత

టూర్‌లో డ్రమ్స్ మీదికి మైక్ టెరానా వచ్చాక ఇవే పాటలు స్టేజీ మీద చాలా బరువెక్కాయి. 2010లో వచ్చిన రెండో రాక్ ఆల్బమ్ ‘వాట్ లైస్ బినీత్’కు ప్రొడ్యూసర్ స్వయంగా టార్యానే, పాటల రచనలో దాదాపు అంతటా ఆమె చేయి ఉంది. మొదటి ఆల్బమ్‌లో ‘ఓయాసిస్’ మూలన పెట్టి ఉంచిన రచయిత్రి రెండోదానికి ఇంటి మధ్యలోకి వచ్చింది. ‘కలర్స్ ఇన్ ద డార్క్’, ‘ద షాడో సెల్ఫ్’, ‘ఇన్ ద రా’ ఆ దారిలోవే. గట్టి ఆల్బమ్ ఏదని అడిగితే నేను వీటిలోంచే చెబుతాను. కానీ వీటికి దారి పడింది ఆ తడబాటు ఉన్న మొదటిదాని వల్లే.

అవతల నైట్‌విష్‌కూ తేలిక కాలేదు. ఆనెట్‌ది పాప్ గొంతు. కొత్త పాటలు ఆమెకు తగ్గట్టు రాశారు కానీ పాత పాటలు పాడిన ప్రతిసారీ ఆమెను టార్యాతో పోల్చారు. అది ఆమె తప్పు కాదు, వేరే మనిషి కొలతలకు కుట్టిన పాటలవి. 2012లో టూర్ మధ్యలోనే ఆమె కూడా బయటికి వెళ్లింది. తర్వాత వచ్చిన ఫ్లోర్ యాన్సెన్ పాప్, ఒపేరా రెండు రకాలూ పాడగలదు కాబట్టి బ్యాండ్ ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు రోజులు మారాయి. సోలో ఆల్బమ్ చేయడానికి బ్యాండ్ వదలాల్సిన పని లేదు. ఫ్లోర్ యాన్సెన్ నైట్‌విష్‌లో ఉంటూనే 2023లో సోలో ఆల్బమ్ విడుదల చేసింది, ఎపికా అనే మరో సింఫానిక్ మెటల్ బ్యాండ్ గాయని సిమోన్ సిమన్స్ 2024లో అదే పని చేసింది. ఎవరూ ఎవరికీ ఉత్తరాలు రాసుకోలేదు. 2005లో ఈ వెసులుబాటు ఉండి ఉంటే ఏమయ్యేదో అని చాలాసార్లు అనుకుంటాను. క్లాసికల్ కచేరీలకు, తన పాటలకు ఆమెకు టైమ్ దొరికేది, బ్యాండ్ కూడా నడిచేదేమో.

ఆ ఉత్తరం మీద సంతకం చేసిన నలుగురిలో మార్కో హియెతాలా ఒకడు. 2021లో ఆయన కూడా నైట్‌విష్ వదిలేశాడు. 2023 నుంచి టార్యాతో కలిసి స్టేజీ మీద నిలబడి పాత నైట్‌విష్ పాటలు పాడుతున్నాడు. ఆయన సోలో ఆల్బమ్ కోసం 2024లో వచ్చిన ‘లెఫ్ట్ ఆన్ మార్స్’లో ఇద్దరి గొంతులూ మళ్లీ ఒకే కొత్త పాటలో కలిశాయి.

‘మై వింటర్ స్టార్మ్’ ఇంతవరకూ వినని వాళ్లు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి వినకండి, అలసిపోతారు. ముందు ‘వన్స్’లోంచి ‘నెమో’ వినండి, తూమాస్ ఆ గొంతుకు ఎలా కుట్టేవాడో చెవికి పడుతుంది. తర్వాత ‘ఐ వాక్ అలోన్’, దాని వెనకే ‘లాస్ట్ నార్తర్న్ స్టార్’, అందులో ఆమె కింది గొంతు ఎంత చిక్కగా ఉంటుందో చూడండి. ఆపైన ‘బాయ్ అండ్ ద ఘోస్ట్’, ‘కియరాన్స్ వెల్’. ‘ఓయాసిస్’ను ఇవన్నీ అయ్యాక, ఏ పనీ పెట్టుకోకుండా విడిగా వినండి. ‘పాయిజన్’ మాత్రం అలిస్ కూపర్ ఒరిజినల్ విన్నాకే.